కాగితం మీద పిట్టగోడ

కొత్త మిక్సీ కొంటే పెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది. మనలో చాలామంది దాన్ని తెరవకుండానే అటక మీద పడేస్తాం. ఇంట్లో ఆ పుస్తకం చదవకపోయినా రోజు గడిచిపోతుంది. కర్మాగారంలో అలా గడవదు. ఏ వాల్వు ముందు మూయాలి, ఏది తర్వాత తెరవాలి, ట్యాంకులో వేడి ఎంత దాటితే ఎవరికి కబురు చేయాలి... ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని వరుసగా రాయాలి. అలా రాసేవారిని టెక్నికల్ రైటర్లు అంటారు. వారిలో కొందరు ఏ కంపెనీలోనూ నెలజీతానికి చేరకుండా, ఎవరు పని ఇస్తే వారికి ఇంటి నుంచే రాసిపెడుతుంటారు. వీరే ఫ్రీలాన్సర్లు.

మద్దిలపాలెంలో మా సంఘంలోనే ఇలాంటివారు కొందరున్నారు. ఒకవైపు ఆంధ్ర విశ్వవిద్యాలయం, మరోవైపు జాతీయ రహదారి, పక్కనే ఆర్టీసీ డిపో. బస్సుల హారన్ల మధ్య అద్దె గదుల్లో కూర్చుని అమెరికాలోని సాఫ్ట్‌వేర్ కంపెనీకో, పరవాడలోని మందుల కంపెనీకో పుస్తకాలు రాస్తుంటారు. ఇంజనీరింగ్ చదివిన యువకులున్నారు, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకుని వచ్చిన సహోదరీలున్నారు. పెళ్లిచూపుల్లో ‘అబ్బాయి ఏం చేస్తుంటాడు?’ అని అడిగితే పెద్దవాళ్లు నీళ్లు నములుతారు. ‘ఇంట్లోనే ఉంటాడండీ, కంప్యూటర్‌లో ఏదో రాస్తుంటాడు’ అంటారు. ఆ ‘ఏదో’ ఏమిటో ఆలోచించాలన్నదే ఈ వారం మా ఉద్దేశం.

వీరు కాపరుల దగ్గరికి తెచ్చే ప్రార్థన మనవి దాదాపు ఒకటే. ‘అయ్యగారూ, రోజంతా బల్ల ముందే ఉంటున్నాను, పని మాత్రం తెమలడం లేదు. రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నాను. ఇంకా ఎక్కువ పని చేసే శక్తి కోసం ప్రార్థన చేయండి.’ ప్రార్థన తప్పకుండా చేస్తాం. అయితే ఎక్కువ పని అంటే ఏమిటి? ఎక్కువ పేజీలా? ఎక్కువ గంటలా? ఎవరి కోసం రాస్తున్నామో తేలితే గాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

లూకా రాసిన ముందుమాట

స్వతంత్రంగా పనిచేసుకుని బతకడం లేఖనాలకు కొత్తేమీ కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట డేరాలు కుట్టాడు (అపొ.కా. 18:1-3). సీల, తిమోతి వచ్చిన తరువాత వాక్యబోధలోనే నిమగ్నమయ్యాడు (18:5). చేతిలో వృత్తి ఉంది కాబట్టి ఎవరికీ భారం కాలేదు. ఫ్రీలాన్సర్లను ప్రోత్సహించడానికి పౌలు డేరాలనే అందరూ ఉదాహరిస్తారు. మాకు మాత్రం అతనితో ప్రయాణించిన వైద్యుడు లూకా ఇంకా దగ్గరివాడిగా కనిపిస్తాడు.

లూకా సువార్త మొదటి నాలుగు వచనాలను ఒక టెక్నికల్ రైటర్ కళ్లతో చదవండి. తనకంటే ముందు చాలామంది రాశారని ఒప్పుకుంటాడు. కళ్లారా చూసినవారి నుంచి వచ్చిన సమాచారాన్నే ఆధారం చేసుకున్నానంటాడు. మొదటినుంచీ అన్నిటినీ జాగ్రత్తగా పరిశీలించానంటాడు. వరుస తప్పకుండా రాస్తున్నానంటాడు. చివరగా చదివేవాడు ఎవరో, చదివాక అతనికి ఏం కలగాలో చెబుతాడు. చదివేవాడు థెయొఫిలు. అతనికి కలగాల్సింది నిశ్చయత. గ్రీకులో ఆ మాట ‘అస్ఫాలేయా’. కాలు జారకుండా ఉండడం అని దాని మూలార్థం. క్రొత్త నిబంధనలో ఈ నామవాచకం మూడే మూడుసార్లు కనిపిస్తుంది. ఒకటి ఇక్కడ. రెండోది, అపొస్తలులను ఉంచిన చెరసాల తలుపులు ఎంతో భద్రంగా మూసి ఉన్నాయని బంట్రౌతులు చెప్పినచోట (అపొ.కా. 5:23). మూడోది, లోకం శాంతి, భద్రత అని చెప్పుకునే వేళను గురించి పౌలు హెచ్చరించినచోట (1 థెస్స. 5:3). అంటే నిశ్చయత, భద్రత రెండూ ఒకే మాట. చదివినవాడి కాలు జారకూడదు. లూకా అందుకే రాశాడు.

ఈ ముందుమాట తెలుగులో అచ్చుకు సిద్ధమైంది మన విశాఖపట్నంలోనే. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయరు వారికి తోడయ్యాడు. అంతకు చాలాకాలం ముందే బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువదించినా అది అచ్చుకాలేదు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వారు మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. తాము రాసింది పుస్తకంగా రావడం ఆ ఇద్దరు మిషనరీలూ చూడలేదు. తన రాతను ఎవరు చదువుతారో చూడకుండానే పని ముగించే రచయితలకు ఈ ఊళ్లో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉందన్నమాట.

ఇంటి కప్పు, కంపెనీ ట్యాంకు

ద్వితీయోపదేశకాండంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టినవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవడైనా అక్కడినుంచి పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుంది (22:8). ఆ కాలంలో కప్పు మీదే కూర్చునేవారు, ధాన్యం ఆరబోసేవారు, పడుకునేవారు. పడబోయేవాడు ఎవడో ఇల్లు కట్టేవాడికి తెలియదు. వాడింకా రాలేదు. అయినా వాడి కోసం ముందే గోడ లేవాలి. పొరుగువాణ్ని ప్రేమించడమంటే రాబోయే పొరుగువాణ్ని కూడా లెక్కలోకి తీసుకోవడమని మోషే ధర్మశాస్త్రం చెబుతోంది. ఫ్యాక్టరీ పనివాడి కోసం రాసే సూచనల పుస్తకం అలాంటి పిట్టగోడే. కాకపోతే కాగితం మీద కడతారు.

విశాఖవాసులకు ఇది వేరే చెప్పాలా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవారు రోడ్ల మీద కూలిపోయిన దృశ్యాలు ఈ నగరం మరచిపోలేదు. ఆ ప్రమాదంపై విచారణ జరిపిన హైపవర్ కమిటీ 2020 జూలైలో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచే తీరులో, భద్రతా నియమాల పాటింపులో, ప్రజలను హెచ్చరించే సైరన్ విషయంలో లోపాలను అది ఎత్తిచూపింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది మరణించారు. ఈ ప్రమాదాలకు రాతలో లోపమే కారణమని మేము అనడం లేదు. ఎంత బాగా రాసినా పాటించకపోతే ప్రయోజనం లేదు. అయితే రాయనిదాన్ని, తప్పుగా రాసినదాన్ని పాటించడం మాత్రం ఎవరివల్లా కాదు.

హబక్కూకుకు దేవుడు దర్శనాన్ని పలకల మీద తేటగా చెక్కమని చెప్పాడు (2:2). పరుగెత్తేవాడు కూడా చదవగలిగేంత తేటగా అని కొందరు, చదివినవాడు వెంటనే పరుగెత్తేలా అని కొందరు ఆ వచనానికి అర్థం చెబుతారు. వెంకటాపురం తరువాత ఈ రెండింటికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం ఐరోపా విమాన పరిశ్రమ తయారుచేసిన సరళ ఆంగ్ల నియమావళి ఒకటుంది. ఏదైనా పని చేయమని చెప్పే వాక్యంలో 20 పదాలు మించకూడదని, ఒక వాక్యంలో సాధారణంగా ఒకే ఆదేశం ఉండాలని దాని నియమం. ప్రమాద హెచ్చరిక పనికి ముందు రావాలి గాని తరువాత కాదని ఈ వృత్తిలో అందరూ నేర్చుకుంటారు. కాలిన తరువాత ‘జాగ్రత్త, వేడిగా ఉంటుంది’ అని చదివి ఏం లాభం? (ప్రసంగాలకు కూడా 20 పదాల నియమం పెడితే బాగుండునని మా సంఘ పెద్ద ఒకరు అన్నారు. ఆ సూచన పరిశీలనలో ఉంది.)

మా సంఘంలోని ఒక యువకుడి సంగతి చెప్పాలి. ఒక రసాయనాల యూనిట్‌కు పని చేసే విధానాల పుస్తకం, అరవై పేజీలు, నాలుగు రోజుల్లో ఇవ్వాలని ఒక మధ్యవర్తి అతనికి పని అప్పగించాడు. గడువులోగా ముగిసేలా ప్రార్థించమని వచ్చాడు.

‘బాబూ, అందులో రాయబోయే పంపు నువ్వు చూశావా?’ అని అడిగాం.

‘లేదండీ. పాత ఫైలు పంపారు. పేరు, తేదీలు మార్చి భాష సరిచేస్తే చాలన్నారు.’

‘పాత ఫైలులో ఉన్నట్టే ఇప్పుడూ అక్కడ పైపులున్నాయా?’

కాసేపు మాట్లాడలేదు. మరునాడు, ఒక్కరోజు యూనిట్‌కు వెళ్లి ఆపరేటర్ పక్కన నిలబడి చూస్తానని అడిగాడు. అంత సమయం లేదన్నారు. తీసుకున్న అడ్వాన్సు తిరిగి పంపేశాడు. దేవుడు అతనికి దానికి రెండింతలు ఇచ్చాడని ఇక్కడ రాయాలని మాకూ ఉంది. కానీ అలా జరగలేదు. ఆ నెల ఇంటి అద్దె ఆలస్యమైంది, తరువాత వచ్చిన పని దానికంటే చిన్నదే. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే ‘చెప్పడానికేం లేదండీ, చూడనిది రాయలేకపోయాను’ అన్నాడు. అన్నిటినీ పరిశీలించి రాస్తున్నానన్న లూకాను ఇంతకంటే బాగా వివరించిన ప్రసంగం మేము ఈమధ్య వినలేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచి ఈ వృత్తిలో ఉన్నవారి భయం మాటల్లో తెలుస్తోంది. నాలుగు రోజుల పనికి ఇప్పుడు నాలుగు గంటల గడువే ఇస్తున్నారు. 1953లో అమెరికాలో మొదలై మన దేశంలోనూ శాఖ నడిపిన ‘సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్’ అనే రచయితల సంఘం 2025 జనవరిలో దివాలా తీసి మూతపడింది. ఈ పనిముట్టును వాడటం పాపమని మేము బోధించం. సుత్తి ఎంతటి పాపమో అదీ అంతే. చిత్తుప్రతి రాయించుకోవచ్చు, అక్షరదోషాలు దిద్దించుకోవచ్చు. రెండు సంగతులు మాత్రం మరువకూడదు. ఆ యంత్రం వాల్వు దగ్గరికి వెళ్లి చూడలేదు. కళ్లారా చూసినవారిని అడగడం, చేసి చూడడం ఇంకా మనిషి పనే. రెండోది, క్లయింటు నమ్మి ఇచ్చిన రహస్య పత్రాలను అతని అనుమతి లేకుండా అందులో పెట్టకూడదు. నమ్మకమైనవాడు సంగతి దాచుతాడని సామెతలు గ్రంథం చెబుతోంది (11:13).

గంటలు, తూకాలు

ఇక పని ఎందుకు తెమలడం లేదన్న ప్రశ్న. ఇంట్లో పనిచేసేవారికి ఆఫీసు గంట కొట్టదు, మేనేజరు కళ్లు వెంటాడవు. అందుకే ఫోను వెంటాడుతుంది. మా సంఘంలో పదేళ్లుగా ఈ పని చేస్తున్న ఒక సహోదరి పద్ధతి మాకు నచ్చింది. ఉదయం పిల్లలు బడికి వెళ్లాక వాక్యధ్యానం ముగించి, మూడు గంటలు ఫోను వంటగదిలో పెట్టి రాస్తుంది. మధ్యాహ్నం ఇంజనీర్లకు ఫోన్లు చేసి సందేహాలు తీర్చుకుంటుంది. సాయంత్రం అప్పటిదాకా రాసినదాన్ని ఆ విషయం తెలియని ఎవరో ఒకరి చేతికిచ్చి, వారు ఎక్కడ ఆగుతున్నారో చూస్తుంది. ఆ ఒక్కరు తరచుగా వాళ్ల అత్తగారే. ‘ఆవిడకు అర్థమైతే అమెరికాలో అందరికీ అర్థమైనట్టే అయ్యగారూ’ అంటుంది. ఏ రోజు పేజీల సంఖ్య తగ్గిందో ఆ రోజే మంచి పని జరిగిందని ఆమె లెక్క.

పేజీకి ఇంత అని డబ్బు తీసుకుంటే పేజీలు సాగదీయాలనిపిస్తుంది. గంటకు ఇంత అంటే గంటలు సాగదీయాలనిపిస్తుంది. సంచిలో రెండు రకాల తూకపురాళ్లు పెట్టుకోవద్దన్న ఆజ్ఞ (ద్వితీ. 25:13) బియ్యం కొట్టుకే కాదు, టైమ్‌షీటుకూ వర్తిస్తుంది. మూడు గంటల పనికి అయిదు గంటలు వేసి అందులోంచి దశమభాగం తెస్తే దేవుడు సంతోషిస్తాడా?

ఆదివారం సంగతి మరీ బాధాకరం. ‘సోమవారం ఉదయం తొమ్మిదింటికి కావాలట’ అని ఆరాధన మానేసినవారున్నారు. క్లయింటు కాలిఫోర్నియాలో ఉంటే అక్కడి సోమవారం ఉదయం తొమ్మిదంటే మనకు సోమవారం రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. సోమవారం పగలంతా చేతిలో ఉంది! ఆదివారాన్ని తీసుకుపోయింది గడియారం కాదు, భయం. ఏడో రోజున మన్నా కోసం బయటికి వెళ్లినవారికి ఏమీ దొరకలేదు. ముందురోజే రెండింతలు ఇచ్చానని దేవుడు వారికి జ్ఞాపకం చేశాడు (నిర్గమ. 16:22-29). రాత్రి చాలాసేపు మేలుకుని కష్టార్జితం తినడం వ్యర్థమని, తనకు ప్రియులైనవారికి దేవుడు నిద్రనిస్తాడని 127వ కీర్తన చెబుతోంది. రెండింటి దాకా మేలుకుని రాసినదాన్ని పొద్దున్నే చదివి చూసుకున్నవారికి ఆ వచనానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

రావాల్సిన డబ్బు విషయంలో మాత్రం మెతకగా ఉండటాన్ని దీనత్వం అనుకోవద్దు. కూలివాని కూలి తెల్లవారేదాకా ఉంచుకోవద్దని లేవీయకాండం ఆజ్ఞాపించింది (19:13). మన దేశంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ఉంది. దాని ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలుగా నమోదైనవారికి కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. 2020 జూలైలో మొదలైన ఉద్యమ్ నమోదు ఉచితం. ఒక్కరే పనిచేసుకునేవారూ చేసుకోవచ్చు.

ఈ మాట సంఘాలకూ చెప్పక తప్పదు. ‘ఇంట్లో ఖాళీగానే ఉన్నావు కదమ్మా’ అంటూ సువార్త సభల కరపత్రం, వార్షిక నివేదిక, పాటల స్లైడ్లు అన్నీ ఇలాంటివారి నెత్తిన పెట్టే సంఘాలు కొన్ని ఉన్నాయి. అర్పణగా చేస్తానని వారే ముందుకొస్తే మంచిదే. అడగకముందే అర్పణగా రాసేసుకోవడం వేరు. మైకు అద్దెకు, షామియానాకు బిల్లు కట్టి, రాసినవారికి మాత్రం ‘దేవుడు దీవించును గాక’ అని చెప్పి పంపితే యాకోబు పత్రికలో కోత కోసినవారి కూలిని గురించిన మాట (5:4) మన తలుపు కూడా తడుతుంది.

ఈ పనిలో ఆదాయం ఎగుడుదిగుడుగా వస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. నెలజీతం వచ్చేవారికి అవి సెలవు రోజులు. ఫ్రీలాన్సర్లకు అవి తప్పిపోయిన గడువులు. ఐగుప్తులో సమృద్ధిగా పండిన ఏడేళ్లు యోసేపు అయిదో వంతు తీసి ఉంచమన్నాడు (ఆది. 41:34). పెద్ద బిల్లు వచ్చిన నెలలో దశమభాగంతోపాటు ఆ అయిదో వంతూ పక్కన పెడితే రాసినవారికి కొంత ధైర్యం ఉంటుంది. చూడని పంపు గురించి రాయనని చెప్పగలిగే ధైర్యం చాలావరకు బ్యాంకు పాస్‌పుస్తకంలోనే ఉంటుంది. వినడానికి ఆత్మీయంగా లేకపోయినా ఇది నిజం.

అలసిపోయిన రాతగాళ్లకు యిర్మీయా గ్రంథంలో ఒక చిన్న అధ్యాయం ఉంది. ప్రవక్త చెబుతుంటే సిరాతో రాసినవాడు బారూకు. ఆ గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోసి కుంపట్లో కాల్చేశాడు. బారూకు మళ్లీ కూర్చుని మొత్తం రాశాడు, మరికొన్ని మాటలు కూడా కలిశాయి (36వ అధ్యాయం). నెల రోజుల పనిని క్లయింటు ఒక్క మాటతో తీసిపారేసినప్పుడు ఇది చదువుకోవాలి. ఆ బారూకు ఒకసారి మూలిగి మూలిగి అలసిపోయాను, నెమ్మది దొరకడం లేదని మొర పెట్టుకున్నాడు. గొప్పవాటిని వెదకవద్దని దేవుడు అతనితో చెప్పాడు, ప్రాణం మాత్రం కాపాడతానన్నాడు (45వ అధ్యాయం). దేవుడు రాజుల గురించి, రాజ్యాల గురించి చెప్పిన మాటల మధ్యలో ఒక రాతగాడి అలసట కోసం అయిదు వచనాలు కేటాయించాడు.

మా సంఘంలో సండేస్కూలు గది వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండేది. ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు తెరిచి ఉంచుతున్నాం. వైఫై, ఫ్యాను, తాగడానికి నీళ్లు ఉంటాయి. ఒంటరిగా గదిలో కూర్చుని రాసేవారు ఎవరైనా, ఏ సంఘం వారైనా వచ్చి కూర్చోవచ్చు. కరెంటు పోతే ఇన్వర్టరు రెండు గంటలు వస్తుంది. అయిదింటికి గది మూసేస్తాం. పని మిగిలినా సరే, ఇంటికి వెళ్లాల్సిందే.